ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడదు

వాట్సాప్‌లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. "ఒక్క ఇంజిన్ ఉన్న చిన్న విమానంలో ఇంజిన్ ఆగితే రాయిలా పడిపోతుంది. శబ్దంలో తేడా వస్తే పైలట్ ముందు రేడియోలో మేడే (ప్రాణాపాయంలో ఉన్నామనే పిలుపు) చెప్పాలి, టేకాఫ్ అప్పుడే అయితే వెంటనే వెనక్కి తిప్పి రన్‌వే మీద దించాలి" అని.

రాయి సంగతి ముందు. విమానాన్ని గాల్లో నిలిపేవి రెక్కలు. ఇంజిన్ ఆగితే పైలట్ ముక్కు కాస్త దించి వేగం కాపాడుకుంటాడు. శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 172ను సుమారు 65 నాట్ల (గంటకు 120 కిలోమీటర్ల) దగ్గర ఉంచితే, గాలి ఎదురు కొట్టకపోతే, ప్రతి 1000 అడుగుల ఎత్తుకూ రెండున్నర కిలోమీటర్లు జారుతూ పోతుంది. 5000 అడుగుల్లో ఉంటే మంచి పొలం చూసుకోవడానికి ఐదారు నిమిషాలు దొరుకుతాయి.

వెనక్కి తిప్పమనడం మాత్రం ప్రాణాలు తీసే సలహా. 300 అడుగుల్లో ఇంజిన్ పోయిందనుకోండి. సగం చుట్టు తిరిగితే రన్‌వే ఎదురుగా ఉండదు, పక్కకు ఉంటుంది. ఇంకా తిరగాలి, మళ్లీ సరిచేసుకోవాలి. పైగా 45 డిగ్రీలు వంచి తిప్పితే స్టాల్ అయ్యే వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం, దాదాపు 20 శాతం పెరుగుతుంది. అప్పటికే వేగం తక్కువ. స్టాల్ అయి స్పిన్‌లో పడితే, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడితే, తేరుకునే ఎత్తు ఉండదు. అందుకే ఎదురుగా, కొద్దిగా అటూ ఇటూగా ఏది దొరికితే అక్కడ దించమని నేర్పుతారు.

మేడే చెప్పాలి, కాదనను. కానీ ముందు విమానం నడపాలి, తర్వాత దిగే చోటు చూసుకోవాలి, ఆ తర్వాతే మాట. 1972 డిసెంబర్‌లో అమెరికాలోని మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం కాక్‌పిట్‌లో అందరూ, చక్రం దిగిందని చూపే బల్బు వెలగలేదన్న గొడవలో పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు వదిలేసిన సంగతి ఎవరూ గమనించలేదు. అది పెద్ద విమానమే, 101 మంది పోయారు. చక్రం మాత్రం సరిగ్గానే దిగి ఉంది.

శబ్దంలో తేడాను తేలిగ్గా తీసుకోకూడదన్నది ఒప్పుకుంటాను. కార్బురేటర్ (ఇంధనాన్ని గాలితో కలిపే భాగం) ఉన్న పాత ఇంజిన్లలో బయట 20 డిగ్రీలున్నా, గాల్లో తేమ ఉంటే లోపల మంచు కడుతుంది. ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మెల్లగా పడుతుంది. కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే కార్బ్ హీట్ నాబ్ లాగగానే కరిగిన నీళ్లు ఇంజిన్‌లోకి పోయి, అది ఇంకా గట్టిగా దగ్గుతుంది. కొత్తవాళ్లు హడలిపోయి నాబ్‌ను మళ్లీ లోపలికి నెట్టేస్తారు. నెట్టకూడదు. మంచు కరిగేదాకా లాగే ఉంచాలి, ఆర్పీఎం దానంతటదే పెరుగుతుంది.