నో అన్నా పోయింది, యెస్ అన్నా పోయింది

ముప్పై ఎనిమిదేళ్లు నా మూతిని అంటిపెట్టుకుని ఉన్న మీసం మొన్న ఒక శనివారం పొద్దున డాలస్ పక్కన ఫ్రిస్కోలో పోయింది. పోయినందుకు 22 డాలర్లూ, పైన 4 డాలర్ల టిప్పూ నా చేత్తో నేనే ఇచ్చాను. వస్తూ వస్తూ థాంక్యూ కూడా చెప్పాను.

తణుకు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. మా ఆవిడా నేనూ అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చాం. నెల తిరిగేసరికి జుట్టు చెవుల మీదకి వచ్చేసింది. అల్లుడు ఫోన్లోనే దగ్గర్లో ఉన్న ఒక షాపులో టైము బుక్ చేసి, కారులో దింపి, "లోపలికి నేనూ రానా మావయ్యగారూ?" అన్నాడు. "క్షవరానికి కూడా తోడెందుకు బాబూ" అన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన మాటల్లో అర్థం మారకుండా అవతలివాడికి చేరింది అదొక్కటే.

మా ఊళ్లో అయితే మంగలికీ నాకూ మాటలతో పని లేదు. కుర్చీలో కూర్చోగానే "మామూలేనా మాస్టారూ?" అంటాడు. "ఊఁ" అంటాను. ఆ 'ఊఁ'కి వ్యాకరణం లేదు, పొరపాటూ లేదు.

ఇక్కడి కుర్రాడు మంచివాడే. చెయ్యి కలిపాడు, మెడ చుట్టూ గుడ్డ కట్టాడు, నా కళ్లజోడు తీసి ఎక్కడో పెట్టాడు. కళ్లజోడు లేకపోతే అద్దంలో ఉన్నది నేనో పక్క కుర్చీ ఆయనో నాకు తెలీదు. తల పని సజావుగానే అయింది. తర్వాత ముందుకు వంగి, "డూ యూ మైండ్ ఇఫ్ ఐ ట్రిమ్ ద మస్టాష్?" అన్నాడు.

అందులో నాకు అందినవి రెండు ముక్కలు: ట్రిమ్ము, మస్టాషు. అవి చాలు కదా అని గట్టిగా "నో!" అన్నాను.

"పర్ఫెక్ట్!" అన్నాడు. వద్దన్నా మెచ్చుకుంటున్నాడే, ఏం సంస్కారం అని నేను లోపల మురిసిపోతూ ఉండగానే ఎడమవైపు జుయ్యిమని మిషను నడిచింది. ఉలిక్కిపడి తల తిప్పాను. తిప్పకుండా ఉంటే కొస మాత్రమే పోయేది. తిప్పేసరికి సగం పోయింది.

మిగిలిన సగాన్ని అరచేత్తో మూసేశాను. పాపం, వాడూ హడలిపోయాడు. సారీలు రెండు చెప్పి, ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటే విడదీసి, "యూ డోంట్ వాంట్ మీ టు టేక్ ఇట్ ఆల్ ఆఫ్, డూ యూ?" అన్నాడు.

ఈసారి ప్రతి మాటా తెలిసింది. 'మొత్తం తీసెయ్యడం మీకిష్టం లేదు కదా?' అంటున్నాడు. అవును మరి! ఇష్టం లేదు! "యెస్! యెస్!" అన్నాను, రెండోసారి కుర్చీ చెయ్యి మీద చరిచి మరీ. వాడు భుజాలెగరేశాడు. నా చేతిని మర్యాదగా పక్కకి తప్పించాడు. అర నిమిషం కూడా పట్టలేదు.

ఇంటికొచ్చి బెల్లు కొడితే మా ఆవిడ తలుపు తీసి, నా వెనకాల నేనున్నానేమోనని చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరండీ పోయింది?" అంది. రాత్రి వీడియో కాల్లో మా బావమరిది వేరే దారి పట్టాడు. "ఎవరితో పందెం కాశావు బావా? కాసే ముందు నాకొక్క మాట చెప్పొద్దూ?" మా వైపు మగాడి మీసం పోవడానికి రెండే కారణాలు, ఇంట్లో చావో, ఊళ్లో పందెమో. ఇంగ్లీషు గ్రామరు మూడోదని ఎలా చెప్పను?

మూడో క్లాసు చదివే మనవరాలు నన్ను సోఫాలో కూర్చోబెట్టి విచారణ జరిపింది. ఏమన్నాడు, నువ్వేమన్నావు, మళ్లీ ఏమన్నాడు. అంతా విని, "తాతా, మైండ్ అంటే నీకేమైనా ప్రాబ్లమా అని. నువ్వు నో అన్నావు. అంటే ప్రాబ్లం లేదు, చేసుకో అని" అంది.

"మరి రెండోది? వద్దు కదా అంటే అవుననే కదమ్మా అన్నాను!"

"క్వశ్చన్ని పట్టించుకోకు తాతా. వాళ్లు డూ అన్నా డోంట్ అన్నా సేమ్. నీకు కావాలంటే యెస్, వద్దంటే నో. అంతే."

అంతేనట. ముప్పై మూడేళ్లు వ్యతిరేకార్థక క్రియలు చెప్పినవాడికి తొమ్మిదేళ్ల పిల్ల ఒక్క ముక్కలో తేల్చేసింది. మన 'అవును' ఎదుటివాడి మాటకి వేసే ఓటు. "నిన్న మీరు రాలేదు కదా?" అంటే "అవును, రాలేదు" అంటాం. నువ్వన్నది నిజమేనయ్యా అని ఒప్పుకోవడం అది. జపాను వాళ్లదీ ఇదే పద్ధతి. ఇంగ్లీషువాడికి అడిగినవాడి మాటతో నిమిత్తం లేదు, జరిగిన సంగతే కావాలి. రాలేదు, కాబట్టి నో. పైగా 'డోంట్' అని అడిగినవాడికి గట్టిగా 'యెస్' అంటే, 'నువ్వనుకున్నది తప్పు, నాకు కావాలి' అని అర్థమట. అంటే నేను ఎంత గట్టిగా అరిస్తే మీసానికి అంత ముప్పు అన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనకి కాదనడానికి ఎన్ని మాటలు! టీ లేదు అంటే అయిపోయింది. టీ కాదు అంటే కప్పులో ఉన్నది కాఫీ. టీ వద్దు అంటే నాకు అక్కర్లేదు. తింటాను, తినను: క్రియే తల అడ్డంగా ఊపేస్తుంది, వేరే మాట అక్కర్లేదు. ఇంగ్లీషులో 'ఐ ఈట్' అని ఇద్దరూ హాయిగా కూర్చున్నారా, తిననని అనాలంటే ఎక్కణ్ణుంచో 'డూ' వచ్చి మధ్యలో నిలబడాలి. వచ్చి చేసే పనేమీ లేదు, 'నాట్'కి చెయ్యందివ్వడం తప్ప. పూర్వం వాళ్లూ 'నాకు తెలీదు' అనడానికి 'ఐ నో నాట్' అని దాని సాయం లేకుండానే గడిపేసుకున్నారు.

స్కూల్లో మా ఇంగ్లీషు మాస్టారు పదో తరగతి పిల్లల చేత 'ఓన్లీ' తీసి 'నన్ బట్' పెట్టించేవారు. అర్థం మారకుండా నెగెటివ్‌లోకి మార్చడం ఆ లెక్క. ఐదు మార్కులు ఎలా వస్తాయో చెప్పారు గానీ, సెలూన్లో ఏమనాలో ఆయనా చెప్పలేదు.

మర్నాడు అమ్మాయి లైబ్రరీకి తీసుకెళ్తే అక్కడ నాకు కాస్త ఊరట దొరికింది. ఒకప్పుడు ఇంగ్లీషులో ఈ పనికి రెండు కాదు, నాలుగు మాటలుండేవట. మామూలు ప్రశ్నకి 'యే', 'నే'. 'లేదా?', 'కాదా?' అని అడిగితే 'యెస్', 'నో'. పదహారో శతాబ్దానికి వాళ్లకే ఇవి కలగాపులగం అయిపోయాయి. బైబిలును ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్ 'నో', 'నే' తేడా తెలియకుండా వాడాడని ఆ కాలపు ఇంగ్లీషు పండితుడు థామస్ మోర్ 1532లో అచ్చులో దులిపేశాడు. తమాషా ఏమిటంటే, దులిపిన పెద్దమనిషి చెప్పిన సూత్రం ఆయనిచ్చిన ఉదాహరణకే అడ్డం తిరిగింది. 1535లో మోర్‌కీ, 1536లో టిండేల్‌కీ మరణశిక్ష పడింది. కారణాలు వేరే లెండి. అయినా చదువుతుంటే, నాకు మీసంతో సరిపోయిందని అనిపించింది.

ఆ నాలుగు మాటలూ బతికుంటే నా మీసం దక్కేదా అని లెక్క కూడా కట్టి చూశాను. దక్కదు. అప్పుడైనా 'డోంట్'కి 'యెస్' అంటే తియ్యమనే.

సరే, పిల్ల చెప్పిన సూత్రాన్ని వారం రోజులు జపం చేశాను. కావాలంటే యెస్, వద్దంటే నో. వాకింగులో జపం, స్నానంలో జపం. ప్రశ్న వినడమే మానేసి నాకేం కావాలో చూసుకునేంతగా వంటబట్టింది. నిన్న సాయంత్రం పార్కులో నాలుగు చుట్లు తిరిగి ఆవురావురుమంటూ ఇంటికొచ్చాను. వంటింట్లో పొయ్యి మీద పెనం, పక్కన పెసరట్టు పిండి, తరిగిన అల్లం. మా ఆవిడ గరిటె చేతిలో పట్టుకుని అడిగింది.

"మీకిప్పుడేం ఆకలిగా లేదు కదా?"

కరకరలాడుతోంది. కావాలి. కాబట్టి తడుముకోకుండా, "అవును!" అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను" అని పిండి గిన్నె మీద మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేసింది.