చెడ్డ వార్త చెప్పినవాళ్ళకి ఏం జరుగుతుందో చూడండి, మీ కంపెనీ కల్చర్ అదే

స్టార్టప్ పెట్టినవాళ్ళు కల్చర్ అనగానే ముందు కూర్చుని విలువల లిస్టు రాస్తారు, వెబ్‌సైట్‌లో పెడతారు, కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే స్లైడ్స్ వేసి చూపిస్తారు. రాసుకోండి, తప్పులేదు. కానీ ఆ లిస్టు చూసి ఎవరూ పని చేయరండి, పక్కవాళ్ళకి ఏం జరిగిందో చూసి పని చేస్తారు. ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరు అందరి ముందు తిట్లు తిన్నారు, ఎవర్ని మెల్లగా పక్కన పెట్టేశారు, ఇవన్నీ టీమ్‌లో ప్రతి ఒక్కళ్ళూ గమనిస్తూనే ఉంటారు, పైకి అనరంతే.

2009లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు తమ కల్చర్ గురించి వందకి పైగా స్లైడ్స్ ఇంటర్నెట్‌లో పెట్టారు కదా, అందులో మొదట్లోనే ఎన్రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీ పేరు ఎత్తుతారు. ఆ కంపెనీ గొప్పగా చెప్పుకున్న నాలుగు విలువల్లో నిజాయితీ కూడా ఒకటి, అకౌంట్ల మోసాలు బయటపడి 2001 డిసెంబర్‌లో దివాలా తీసింది. ఎవర్ని మెచ్చుకుంటారు, ఎవర్ని పైకి తీసుకొస్తారు, ఎవర్ని పంపించేస్తారు, దాన్ని బట్టే కంపెనీ అసలు విలువలు తెలుస్తాయని ఆ స్లైడ్స్‌లో ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ పద్ధతులన్నీ నాకు నచ్చవు, ఫరవాలేదు అన్నట్టు పనిచేసేవాళ్ళకి డబ్బులిచ్చి పంపించేయడం లాంటివి చిన్న టీమ్‌లో భయం తప్ప ఇంకేం పుట్టించవని నా నమ్మకం, కానీ ఈ మాట మాత్రం నిజం.

కాకపోతే పదిమంది ఉన్న కంపెనీలో ప్రమోషన్లు ఎప్పుడో గానీ రావు, ఉద్యోగంలోంచి తీసేయడం అంతకంటే అరుదు. చెడ్డ వార్త మాత్రం ప్రతి వారం వస్తుంది. కస్టమర్ వెళ్ళిపోతున్నాడు, రిలీజ్ రెడీ కాలేదు, చేతిలో డబ్బు అనుకున్నన్ని నెలలు రాదు, మనం కడుతున్న ఫీచర్ ఎవరికీ అక్కర్లేదు. ఆ వార్త మోసుకొచ్చిన మనిషితో ఫౌండర్ ఆ నిమిషంలో ఎలా మాట్లాడాడో అక్కడే కల్చర్ తయారవుతుంది. నేనైతే ఏ స్టార్టప్‌ని చూసినా ముందు ఇదే చూస్తాను.

గతంలో నేను పనిచేసిన ఒకచోట సోమవారం మీటింగ్‌లో జరిగింది ఇది. టెస్టింగ్ చూసే అమ్మాయి, చేరి ఎక్కువ రోజులు కూడా కాలేదు, లాప్‌టాప్ అందరివైపు తిప్పి "సార్, పేమెంట్ ఫెయిలైనా ఆర్డర్ కన్ఫర్మ్ అయిపోతోంది, ఈ వారం రిలీజ్ చేయకపోతే మంచిది" అంది. స్క్రీన్ మీద కళ్ళముందే కనిపిస్తోంది, ఎర్రగా ఫెయిల్డ్ అని ఒక పక్క, పచ్చగా కన్ఫర్మ్డ్ అని ఇంకో పక్క. ఫౌండర్ స్క్రీన్ వైపు కూడా చూడలేదు, "నువ్వెప్పుడూ నెగెటివ్‌గానే మాట్లాడతావేంటమ్మా, సొల్యూషన్ ఉంటే చెప్పు, ప్రాబ్లమ్స్ నాకొద్దు" అన్నాడు. అంతే, గట్టిగా అరిచింది కూడా లేదు. కానీ తర్వాతి సోమవారం నుంచి ఆ టేబుల్ చుట్టూ ఎవర్ని అడిగినా "ఆన్ ట్రాక్ సార్" తప్ప ఇంకో మాట లేదు. ఆ అమ్మాయి కూడా అదే అంది. ఆ బగ్ అలాగే కస్టమర్ల దాకా వెళ్ళింది. "నాకెందుకు ముందే చెప్పలేదు" అని ఆయన అందర్నీ నిలదీశాడు, ఒక్కళ్ళూ నోరు మెదపలేదు.

సొల్యూషన్ లేకుండా ప్రాబ్లమ్ తీసుకురావద్దు అనే రూల్ చాలామంది మేనేజర్లు గొప్పగా చెప్పుకుంటారు, దానంత ప్రమాదకరమైన రూల్ ఇంకోటి లేదని నేననుకుంటాను. ఎందుకంటే పెద్ద ప్రాబ్లమ్స్ మొదట కనపడేది కింద పనిచేసేవాళ్ళకే, వాటిని సరిచేసే అధికారం, బడ్జెట్ ఉండేది పైవాళ్ళ దగ్గర. సొల్యూషన్ దొరికేదాకా నోరు మూసుకుని కూర్చోమంటే ఆ విషయం పైకి వచ్చేసరికి చేతులు దాటిపోతుంది.

దీనికి పూర్తి రివర్స్‌లో జరిగింది గిట్‌ల్యాబ్ కంపెనీలో, ప్రోగ్రామర్లు తమ కోడ్ పెట్టుకునే సైట్ వాళ్ళది. 2017 జనవరి 31 రాత్రి, సైట్ మీద లోడ్ పెరిగి డేటాబేస్ కాపీలు వెనకబడిపోతుంటే సరిచేస్తూ ఒక ఇంజనీర్ పొరపాటున వేరే సర్వర్‌లో డిలీట్ కమాండ్ కొట్టేశాడు, అది కస్టమర్ల డేటా ఉండే అసలు ప్రొడక్షన్ డేటాబేస్. ఒకట్రెండు సెకన్లలో తెలుసుకుని ఆపేశాడు గానీ అప్పటికే సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రం మిగిలింది. సరే బ్యాకప్ ఉంటుంది కదా అని చూస్తే అసలు కథ అక్కడుంది, రోజూ తీయాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పట్నుంచో ఫెయిలవుతోంది, ఫెయిలైందని చెప్పాల్సిన మెయిల్స్ ఎవరికీ చేరట్లేదు. ఆరు గంటల ముందు అదే ఇంజనీర్ వేరే పని కోసం చేత్తో తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్, అంటే అప్పటి డేటా కాపీ, ఒకటి ఉండబట్టి బయటపడ్డారు, అయినా ఆ మధ్యలో వచ్చిన డేటా పోయింది.

ఇలాంటప్పుడు చాలా కంపెనీలు ఏం చేస్తాయి? "టెక్నికల్ ఇష్యూ" అని రెండు లైన్ల మెయిల్ పంపి, లోపల ఒకణ్ణి బలిచేస్తారు. గిట్‌ల్యాబ్ వాళ్ళు ఏం జరుగుతోందో రాసుకుంటున్న డాక్యుమెంట్‌ని అందరికీ తెరిచిపెట్టారు, రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, ఆ ఇంజనీర్‌ని ఉద్యోగంలోంచి తీయలేదు. తర్వాత రాసిన రిపోర్టులో ఆ కమాండ్ ఎవరు కొట్టారన్న దగ్గర ఆగిపోకుండా ఎందుకు, ఎందుకు, ఎందుకు అని తవ్వుకుంటూ పోయి, బ్యాకప్ పనిచేస్తోందో లేదో చూసే బాధ్యత కంపెనీలో ఎవరికీ అప్పజెప్పలేదు అనే దగ్గర తేల్చారు. అది మేనేజ్‌మెంట్ లోపం అని బాహాటంగా ఒప్పుకున్నట్టే కదా. ఆ మనిషిని తీసేసి ఊరుకుని ఉంటే ఈ విషయం ఎప్పటికీ బయటికొచ్చేది కాదు, ఇంకో రాత్రి ఇంకొకళ్ళ చేతిలో అదే జరిగేది.

హార్వర్డ్‌లో అమీ ఎడ్మండ్సన్ అనే ప్రొఫెసర్ తొంభైల్లో హాస్పిటల్ టీమ్స్ మీద పరిశోధన చేసినప్పుడు బాగా పనిచేసే టీమ్స్‌లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయట. చూడగానే తలకిందులుగా అనిపిస్తుంది, తీరా తరచి చూస్తే అక్కడ పొరపాటు జరిగితే దాచకుండా చెప్పుకుంటున్నారు, మిగతాచోట్ల దాచేస్తున్నారు. మా దగ్గర ఏ సమస్యలూ లేవు అని ఏ టీమ్ అయినా గర్వంగా చెబితే నాకు మాత్రం భయం వేస్తుంది.

ఇక ఇంకో రకం చెడ్డ వార్త ఉంటుంది, మనిషి మీద కంప్లైంట్. అందులోనూ బాగా సంపాదించి పెడుతున్న మనిషి మీద. 2017 ఫిబ్రవరిలో సుసాన్ ఫౌలర్ అనే ఇంజనీర్ ఊబర్‌లో పనిచేసినప్పటి తన అనుభవం బయటికి రాసింది, మేనేజర్ అసభ్యంగా మెసేజ్‌లు పెడుతున్నాడని హెచ్‌ఆర్‌కి చెబితే అతను హై పర్ఫార్మర్, ఇదే మొదటి తప్పు అని సర్దిచెప్పారని, తీరా చూస్తే అంతకుముందే వేరే ఆడవాళ్ళు అతని మీద కంప్లైంట్ చేసి ఉన్నారని. ఆ జూన్‌కల్లా విచారణ జరిగి ఇరవైమందికి పైగా ఉద్యోగాలు పోయాయి, ఫౌండర్ ట్రావిస్ కలానిక్ సీఈఓ కుర్చీ దిగాడు. ఎంత టాలెంట్ ఉన్నా సరే, ఒక మనిషిని వెనకేసుకొచ్చిన రోజే మిగతావాళ్ళందరికీ మెసేజ్ వెళ్ళిపోతుంది, ఇక్కడ నంబర్లు తెస్తే ఏం చేసినా చెల్లుతుంది అని. ఆ తర్వాత ఎన్ని ట్రైనింగ్‌లు పెట్టినా జనం నమ్మరు.

"మనమంతా ఒక ఫ్యామిలీ" అనే మాట గురించి కూడా ఒక్కటి చెప్పాలి. ఆ ప్రేమ నిజమే అయ్యుండొచ్చు, కానీ ఆ మాట విన్నవాళ్ళకి జీతం గురించి, పని గంటల గురించి, రాత్రి పదకొండుకి వచ్చే మెసేజ్‌ల గురించి అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. మొహమాటం అలవాటైన చోట నిజాలు కూడా ఆగిపోతాయి.

ఇదంతా ఎదిగాక చూసుకుందాం, ముందు ప్రొడక్ట్ నిలబడనీ అనే ఫౌండర్లకి ఒకటే చెప్తాను, మొక్కై వంగనిది మానై వంగదు. మొదటి పదిమంది ఎలా మాట్లాడుకుంటారో తర్వాత వచ్చే వందమందీ అదే పట్టుకుంటారు. దీనికి ఖర్చేం లేదు. ఎవరైనా చెడ్డ వార్త తెస్తే ముందు "చెప్పినందుకు థ్యాంక్స్" అనండి, మనస్ఫూర్తిగా అనండి, తర్వాత "నీకింకా ఏం తెలుసు, నా నుంచి ఏం కావాలి" అని అడగండి, ఆ తర్వాత మీరేం చేశారో అదే మనిషికి తిరిగి చెప్పండి. ఈ మూడోది దాదాపు ఎవరూ చేయరు, చెప్పింది గాల్లో కలిసిపోయిందనుకుని రెండోసారి చెప్పడం మానేసేది అందుకే. కోపం వస్తే ఆ పూట మీటింగ్ ఆపేయండి, పోయేదేం లేదు.

స్టార్టప్‌లో చేరబోతున్నవాళ్ళు మాత్రం ఇంటర్వ్యూ చివర్లో "ఏమైనా అడగాలా" అన్నప్పుడు మొహమాటపడకుండా అడగండి, ఈ మధ్య ఫౌండర్ నిర్ణయం తప్పని ఎవరైనా చెప్పారా, చెబితే ఏమైంది, ఆ మనిషి ఇంకా ఇక్కడే పనిచేస్తున్నారా అని. వీలైతే ఫౌండర్‌ని ఒకసారి, టీమ్‌లో జూనియర్‌ని విడిగా ఇంకోసారి అడగండి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టండి.