పిల్లల్ని కనమంటారు, పెంచే సమయం లాక్కుంటారు

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీ కార్మికుల రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచే సవరణలు 2025 సెప్టెంబరులో శాసనసభ ముందుకు వచ్చాయి. ఆ ఏడాది జూన్‌లో మంత్రివర్గం ఆమోదం తెలిపినప్పుడే కార్మిక సంఘాలు వద్దన్నాయి. అయినా ప్రభుత్వం ముందుకే వెళ్లింది. అప్పటిదాకా 5 గంటలు పని చేస్తే విరామం ఇవ్వాలి, ఈ సవరణలతో 6 గంటలు చేయాలి. మూడు నెలలకు 75 గంటలున్న ఓవర్‌టైమ్ పరిమితి 144 గంటలవుతుంది. రాత్రి 7 దాటాక మహిళలతో పని చేయించకూడదన్న ఆంక్ష సడలిపోతుంది.

పెట్టుబడులు రావాలంటే చట్టాలు సరళంగా ఉండాలని, వారానికి 48 గంటల గరిష్ఠ పరిమితి ఎలాగూ ఉంది కాబట్టి కార్మికులకు నష్టం లేదని, మహిళలకు సంపాదన పెరుగుతుందని ప్రభుత్వం చెబుతోంది. వారానికి 48 గంటలే నిజమైతే ఓవర్‌టైమ్ పరిమితిని దాదాపు రెట్టింపు చేయడం దేనికి? మూడు నెలలకు 144 గంటలంటే వారానికి 11 గంటలు అదనం. 48కి అది కలిపితే 59. చట్టంలో ఏ అంకె ఎందుకు మారుతోందో ఈ ఒక్క కూడికే చెబుతుంది. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు వేతనం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాసి ఉంది. కాంట్రాక్టర్ కింద పనిచేసే మనిషి ఆ డబ్బు అడిగితే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారన్నది అందరికీ తెలిసిన సంగతే.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది మాత్రం ఈ అంకెల కంటే పాలకుల రెండు నాల్కల ధోరణి. రాష్ట్రంలో జననాల రేటు పడిపోతోందని, ఎక్కువ మంది పిల్లల్ని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వేదిక ఎక్కిన ప్రతిసారీ చెబుతున్నారు. ఆందోళన నిజమైనదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక మహిళకు 1.7 మంది పిల్లలు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో తీసేశారు. ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు ఎందరు పిల్లలున్నా ప్రసూతి సెలవు ఇస్తామన్నారు. 2025 జూన్‌లో, ఇంట్లో ఎంతమంది పిల్లలు చదువుకుంటుంటే అంతమందికీ తల్లికి వందనం పథకం డబ్బు తల్లి ఖాతాలో జమ చేశారు. అదే జూన్ నెలలో, ఆ తల్లి రోజులోంచి మరో గంట తీసుకునే ఫైలు మీద మంత్రివర్గం సంతకం పెట్టింది.

మూడో బిడ్డను కనమన్న పిలుపు ఎవరికి? ప్రభుత్వ ఉద్యోగికైతే దానికి తగ్గ సెలవుంది. అచ్యుతాపురంలో బట్టలు కుట్టే మహిళకు, శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్ లైన్ మీద నిలబడే అమ్మాయికి, గోదావరి జిల్లాల్లో రొయ్యలు ఒలిచే ఆమెకు వర్తించేవి ప్రసూతి ప్రయోజనాల నిబంధనలు. 2017 సవరణ తర్వాత వాటి ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు, మూడో బిడ్డకు 12 వారాలే. ప్రసూతి సెలవు మహిళల పునరుత్పత్తి హక్కుల్లో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు స్ఫూర్తి ప్రైవేటు రంగానికీ అందేలా చూడాలని, చట్టం మార్చమని కేంద్రాన్ని గట్టిగా అడగాలని ప్రభుత్వానికి తోచలేదు. ఫ్యాక్టరీల చట్టంలో గంటలు పెంచడం మాత్రం వెంటనే తోచింది.

తండ్రుల ఊసైతే అసలే లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుడితే 15 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగికి చట్టబద్ధంగా ఒక్క రోజు కూడా లేదు. బిడ్డను కనేదీ పెంచేదీ తల్లే అన్న లెక్కలోనే చట్టం నడుస్తోంది. ఇప్పుడు ఆ తల్లినే మరో గంట ఆపమంటోంది.

బిడ్డకు 15 నెలలు నిండేదాకా, పాలివ్వడానికి తల్లికి పని వేళల్లో రెండుసార్లు విరామం ఇవ్వాలని ప్రసూతి నిబంధనల్లో ఉంది. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చని కూడా ఉంది. 30 మందికి పైగా మహిళలున్న ఫ్యాక్టరీలో ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలని ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ 1976 సవరణ నుంచీ చెబుతూ వచ్చింది. ఎన్ని ఫ్యాక్టరీల్లో ఇవి నిజంగా నడుస్తున్నాయో తనిఖీ చేసి సభ ముందు పెట్టిన తర్వాత పని గంటల మాట ఎత్తితే కనీసం వినడానికైనా బాగుండేది. అంగన్‌వాడీలు సాయంత్రానికే మూతపడతాయి. తల్లి రాత్రి షిఫ్టుకు వెళ్తే బిడ్డ ఎక్కడ ఉండాలి? రవాణా ఉంటుంది, సీసీ కెమెరాలుంటాయి, మహిళ సమ్మతి తీసుకుంటాం అంటున్నారు. సూపర్‌వైజర్ అడిగితే కాదనగల స్థితిలో ఎంతమంది ఉంటారు? రాత్రి పని చేసే హక్కు మహిళకు ఉండాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కాదన్నందుకు ఉద్యోగం పోదని చట్టంలో శిక్షతో సహా రాయకపోతే ఆ సమ్మతికి విలువ ఉండదు.

కేంద్ర ప్రభుత్వ 2024 సమయ వినియోగ సర్వే చూసినా చాలు. 15 నుంచి 59 ఏళ్ల మహిళల్లో ఇంటి పనులు చేసేవారు జీతం లేని ఆ పని మీద రోజుకు సగటున 305 నిమిషాలు పెడుతున్నారు. అంటే అయిదు గంటల పైమాటే. ఇంట్లో పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే మహిళలకు దానికి మరో 140 నిమిషాలు, అదే పని చేసే మగవాళ్లకు 74. ఫ్యాక్టరీలో 10 గంటలు, బస్సులో రానూపోనూ రెండు గంటలు పోయాక ఈ పనికి సమయం ఎక్కడిది? నిద్రలోంచి తీయాలి, లేదా పిల్లల దగ్గర్నుంచి తీయాలి. ఇలాంటి ఇళ్లలో మూడో బిడ్డ పుట్టాలని మన పాలకుల కోరిక.

తెలంగాణ ప్రభుత్వం తీరు మరీ విడ్డూరం. పాత కార్మిక చట్టాల స్థానంలో కేంద్రం తెచ్చిన లేబర్ కోడ్‌లను కాంగ్రెస్ జాతీయ స్థాయిలో విమర్శిస్తుంది. ఆ పార్టీకి దగ్గరైన కార్మిక సంఘం ఐఎన్‌టీయూసీ ఆ కోడ్‌లకు వ్యతిరేకంగా 2025 జులై 9న జరిగిన సార్వత్రిక సమ్మెలో పాల్గొంది. సమ్మెకు నాలుగు రోజుల ముందు, జులై 5న, తెలంగాణలోని కాంగ్రెస్ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలు పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది. విరామంతో కలిపి 12 గంటల వరకు మనిషిని ఆఫీసులో ఉంచవచ్చట. సంగారెడ్డి జిల్లా పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయి అప్పటికి అయిదు రోజులే అయింది. శిథిలాల తొలగింపు కూడా పూర్తి కాని రాష్ట్రంలో ప్రభుత్వానికి అత్యవసరంగా కనిపించింది ఇది. చెప్పేవి శ్రీరంగ నీతులు అనక మరేమనాలి?

ఇంకో ప్రమాదమూ ఉంది. ఒక రాష్ట్రం 10 అంటే పక్క రాష్ట్రం 12 అంటుంది. కర్ణాటక 2023లోనే ఫ్యాక్టరీల్లో 12 గంటలకు దారి తెరిచింది. పెట్టుబడుల పోటీలో ప్రతి రాష్ట్రం పక్కవాళ్లను చూపించి తన చట్టాన్ని ఇంకాస్త సడలిస్తుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌లో సైతం రోజుకు 8 గంటలనే రాశారు. వైస్రాయ్ కౌన్సిల్‌లో అంబేడ్కర్ కార్మిక శాఖ చూసే సభ్యుడిగా ఉన్న కాలపు కృషి ఫలితంగా 1946లో వారపు పని 54 గంటల నుంచి 48కి దిగింది. ఆయనకు ఆకాశమెత్తు విగ్రహాలున్న రెండు రాష్ట్రాలూ ఇప్పుడు ఆ గీతనే చెరుపుతున్నాయి.

వెనక్కి తగ్గడం అసాధ్యమేమీ కాదు. తమిళనాడు ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 12 గంటల బిల్లును సభలో ఆమోదింపజేసుకుంది. కార్మికులు, సొంత కూటమి పక్షాలు వ్యతిరేకించడంతో మే డే నాటికి దాన్ని ఉపసంహరించుకుంది. అక్కడి నుంచి పరిశ్రమలు పారిపోలేదు. కొవిడ్ సమయంలో గుజరాత్ ప్రభుత్వం పని గంటలు పెంచి, రెట్టింపు ఓవర్‌టైమ్ ఎగ్గొట్టేందుకు ఇచ్చిన ఉత్తర్వులను 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది.

కాబట్టి పని గంటల సవరణను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపసంహరించుకోవాలి. తెలంగాణ తన జీవోను రద్దు చేయాలి. రాత్రి షిఫ్టుల నిబంధన వేరే బిల్లుగా రావాలి. అందులో పిల్లల గదులు, ఇంటి దాకా రవాణా, కాదనే హక్కు, ఉల్లంఘించిన యాజమాన్యానికి జైలు శిక్ష స్పష్టంగా ఉండాలి. శాసనసభ్యులు పార్టీ విప్‌ను కాసేపు పక్కనపెట్టి తమ నియోజకవర్గంలోని ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు మారే వేళ నిలబడాలి. బయటికొచ్చే మహిళలతో మాట్లాడాలి. మరో గంట పని చేయగలరా, మరో బిడ్డను పెంచగలరా అని ఆ రెండు ప్రశ్నలూ కలిపి అడిగే ధైర్యం లేనివాళ్లు ఇలాంటి బిల్లుకు చేయి ఎత్తకూడదు.