తాళలేని వంతెన తరఫున ప్రేమ తాళంకప్ప గారికి

మహారాజశ్రీ ప్రేమ తాళంకప్ప గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన ఉత్తరాల ఆచారం. ఈ ఉభయులలో ఒకరు, జంటలు తమ ప్రేమకు గుర్తుగా వంతెనకు వేసి, తాళంచెవిని నదిలోకి విసిరేసి పోయే తాళంకప్ప అయిన తమరు; రెండోవారు తమరిని మోసిన వంతెన. తమరి కుశలానికి ఎన్నడూ లోటు రాలేదు గాని, రెండోవారి విషయంలో ఆ మాటను నిబ్బరంగా రాయడానికి నా కలం సాగడం లేదు.

తాళం అనగానే మాకు తాళి గుర్తుకు వస్తుంది. తాళి కట్టించుకున్న మెడే దాని బరువునూ మోస్తుంది. తమరి పద్ధతి వేరు. ప్రేమ ఇద్దరిది, మెడ మూడోవారిది. ప్యారిస్‌లో సేన్ నది మీద, లూవ్ర్ మ్యూజియానికీ ఎదుటి ఒడ్డుకూ నడుమ, కేవలం కాలినడక వారి కోసం కట్టిన పాంట్ డెస్ ఆర్ట్స్ అనే వంతెన తమరికి అలా దొరికింది. నెపోలియన్ కాలంలో, 1804లో తెరుచుకున్న ఆ ఇనుప వంతెన, పడవ ఢీకొని 1979లో కొంతభాగం కూలిపోగా, 1980లలో మళ్ళీ కొత్తగా లేచి నిలబడింది. ఇక ప్రశాంతంగా బతుకుదామనుకుంటున్న వేళ, 2008 ప్రాంతంలో, తమరు ఒకటీ అరగా వచ్చి దాని జాలీకి వేలాడారు. ఎవరిని కదిపినా “మాది ఒక్కటే కదా” అన్నారు. అలా అన్నవారి తాళాలు చివరికి పది లక్షలకు చేరువయ్యాయి.

గోల్కొండ గోడల మీద పేర్లు చెక్కే మనవారికి తమరిని తప్పుపట్టే అర్హత అంతగా లేదని నాకు తెలుసు. అయినా గోడ మీది గీతకు బరువుండదు. తమరికి ఉంది. 2014 జూన్‌లో ఒక సాయంత్రం రెయిలింగులో కొంతభాగం తాళలేక నడకదారి మీదికి ఒరిగిపోయింది. ‘తాళలేక’ అన్న మాట తమరి గురించే పుట్టిందేమోనని అప్పటి నుంచీ నా అనుమానం. అంతకు ముందు ఆ వంతెన ఎన్నిసార్లు మూలిగిందో గాని, తమరిని తగిలించిన ప్రతి జంటా తన చెవిని నదిలోకి విసిరేసి వెళ్ళింది కనుక, ఆ మూలుగు వినడానికి అక్కడ చెవులున్నవారు ఎవరూ మిగల్లేదు.

మరుసటి ఏడాది జూన్ 1న నగరపాలకులు జాలీలను తాళాలతో సహా ఊడదీయించడం మొదలుపెట్టారు. తూకం సుమారు 45 టన్నులు తేలింది. లెక్క కడితే తలకు 45 గ్రాములు. అంటే, విడివిడిగా చూస్తే ఏ ప్రేమా నిమ్మకాయను మించి తూగలేదన్నమాట. జాలీల స్థానంలో ఇప్పుడు అద్దపు పలకలు ఉన్నాయి. అద్దానికి కన్నాలుండవు కనుక ప్రేమికులు అక్కడ నదిని చూసి ఊరుకోవలసి వస్తోంది.

రోములోనూ ఇదే వరస. మిల్వియో వంతెన క్రీ.శ. 312లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ గెలిచిన యుద్ధాన్ని చూసి కూడా నిలిచింది; దాని మీది దీపస్తంభం మాత్రం 2007లో తమరి బంధువర్గం బరువుకు ఒరిగిపోయింది.

ఇంతకూ తమరి పుట్టుపూర్వోత్తరాలు విచారిస్తే కథ సెర్బియాలోని వ్రంయాచ్కా బాన్యా అనే పట్టణానికి పోతుంది. మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వం అక్కడ నాదా అనే ఉపాధ్యాయురాలు, రెల్యా అనే సైనికాధికారి ప్రేమించుకున్నారట. గ్రీసుకు యుద్ధానికి వెళ్ళిన రెల్యా అక్కడ మరొకరిని వరించాడట. నాదా ఆ దిగులుతోనే కన్నుమూసిందట. ఆ గతి తమకు పట్టకూడదని ఆ ఊరి ఆడపిల్లలు తాళాల మీద పేర్లు రాసి, తాము కలుసుకునే వంతెనకు వేయడం మొదలుపెట్టారని చెబుతారు. అంటే తమరు పుట్టింది ప్రేమలో కాదు, అనుమానంలో. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు, ఇంటికైనా బీరువాకైనా నమ్మకం లేని చోటనే కదా తమరిని వేసేది! వింత ఏమిటంటే, అదే తాళాన్ని నమ్మకానికి గుర్తుగా ఫొటో తీసుకుని, చూసినవారిచేత శుభాకాంక్షలు చెప్పించుకోవడం.

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటుంది. 2017లో ప్యారిస్ నగరం తమరిలో కొందరిని గుత్తులు గుత్తులుగా వేలం వేసి, వచ్చిన సుమారు 2,50,000 యూరోలను శరణార్థులకు సాయం చేసే సంస్థలకు ఇచ్చింది. వంతెన మీద ఉన్నంతకాలం ఏ తలుపునూ కాయని తమరు, ఉద్యోగం ఊడిన తరువాత, తాళం వేసుకోవడానికి తలుపైనా లేనివారికి అక్కరకు వచ్చారు.

ఇట్లు,
వంతెనల మీద ఊరికే నడిచిపోయే ఒక పాదచారి

తా.క. (తాజా కలమే, తాళం కప్ప కాదు): కొట్టులో కొన్నప్పుడు తమరితో పాటు రెండు చెవులు ఇస్తారు. నదిలో పడింది ఒకటి. రెండోది ఎవరి జేబులో ఉన్నదో తిరుగు టపాలో తెలియజేయవలసిందిగా ప్రార్థన.