పిల్లల విషయంలో పెద్దమనుషుల రాజీలు ఆపండి

ఇంట్లో మనిషే పిల్లపై అఘాయిత్యానికి ఒడిగట్టాడని తెలిసినప్పుడు మన ఇళ్లలో మొదట వినబడేది "బయటికి పొక్కనివ్వకండి" అన్న మాటే. తరువాత పెద్దమనుషులు కూర్చుంటారు, అతనిచేత తప్పు ఒప్పిస్తారు, కొన్నాళ్లు రాకపోకలు తగ్గిస్తారు; ఆపైన వచ్చే పెళ్లిలో అదే పిల్లచేత అతనికి కాఫీ అందించమంటారు. ఇంతకన్నా క్రూరమైన పని నాకు తెలియదు.

ఇది ఇంటి వ్యవహారం కాదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు తల్లిదండ్రులైనా, బంధువులైనా, ఇరుగుపొరుగైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. నేరం చేసినది బంధువైతే చట్టం శిక్షను మరింత కఠినం చేసింది, మనమేమో బంధువన్న కారణంతోనే అతనిని వెనకేసుకొస్తున్నాం. రాజీ కుదిరిందని రాజస్థాన్ హైకోర్టు కొట్టివేసిన లైంగిక వేధింపుల ఆరోపణ ఎదుర్కొన్న ఒక ఉపాధ్యాయుడి కేసులో, ఆ తీర్పును 2024 నవంబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది.

పిల్లను స్టేషన్ల చుట్టూ తిప్పుతారన్న భయం ఉంది, కాదనను. అయితే వాంగ్మూలాన్ని పిల్ల ఇంట్లోనో, పిల్ల కోరుకున్న చోటో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలని చట్టంలోనే ఉంది. అన్ని ఊళ్లలోనూ ఇలా జరగకపోతే అడిగి జరిపించుకోవలసింది, పిల్ల వెంట నిలబడవలసింది పెద్దలమే.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న తల్లిది. నేరం చేసినవాడే ఇంటికి సంపాదించి పెట్టేవాడైతే, అతను జైలుకు వెళ్లిన మర్నాడు పొయ్యి ఎలా వెలుగుతుంది? 2020 నాటి పోక్సో నిబంధనల ప్రకారం తిండికి, బట్టలకు, ప్రయాణానికి తక్షణ సాయం అందించమని బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేయవచ్చు, ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. ఈ సంగతి ఆ తల్లికి చెప్పేవారు లేరు గానీ, "సర్దుకుపోవమ్మా" అనడానికి మాత్రం అత్తగారి నుంచి ఆడపడుచు దాకా అందరూ ఉంటారు. ఆ ఇంటికి నెలకు సరిపడా బియ్యం పంపగలిగిన బంధువు ఒక్కరున్నా ఆమె నోరు విప్పగలుగుతుంది.

ఫలానా మామయ్య వస్తున్నాడనగానే పిల్ల వంటింట్లో దూరి అమ్మ కొంగు వదలకపోతే, "దీనికి సిగ్గెక్కువ" అని నవ్వేయకండి. అందరి ముందు నిలదీయకుండా, దగ్గర కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి, చెప్పినది నమ్మండి. అనుమానం నిలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. రుజువులు సేకరించే పని మీది కాదు, సదుద్దేశంతో సమాచారమిచ్చినవారిపై ఏ కేసూ నిలవకుండా 19వ సెక్షన్ రక్షణ కల్పించింది.