పఠన మందిరం తలుపులు కూడా తెరవండి

కోవిడ్ వల్ల మూసిన గ్రంథాలయాల్లో ముందు పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటే చాలు, అక్కడే కూర్చుని చదివే పఠన మందిరం తెరవడానికి తొందరేమీ లేదని రాసిన వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. 2020లో భయమంతా పుస్తకం అట్ట మీదే ఉండేది. తిరిగి వచ్చిన ప్రతులను రోజుల తరబడి విడిగా ఉంచారు. అప్పటికి తెలిసినంతలో అది సరైన జాగ్రత్తే. పేర్చి పెట్టిన పుస్తకాలపై వైరస్ ఎక్కువ కాలం నిలుస్తుందని అమెరికాలో గ్రంథాలయాల కోసం చేపట్టిన రియల్మ్ ప్రాజెక్టు పరీక్షల్లో తేలింది కూడా. కానీ వస్తువులను తాకడం వల్ల వ్యాధి సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని 2021 ఏప్రిల్‌లో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీయే చెప్పింది. అసలు ముప్పు మూసిన గదిలోని గాలితో. అందుకు కిటికీలు తెరవాలి, కుర్చీలు ఎడంగా వేయాలి, కూర్చునే సమయానికి హద్దు పెట్టాలి. అట్టలకు శానిటైజర్ పూస్తే పాడయ్యేది పుస్తకమే.

పుస్తకం ఇంటికి తీసుకెళ్లగలిగినవారికి ఇబ్బంది తక్కువ. ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇంట్లో పరీక్షకు చదివే అమ్మాయికి కావలసింది పుస్తకం ఒక్కటే కాదు, ఒక బల్ల, కాస్త నిశ్శబ్దం. ఉద్యోగ దరఖాస్తు నింపడానికి ఇంట్లో కంప్యూటర్ లేనివారు ఎక్కడికి వెళ్లాలి? రోజుకు రెండు గంటలైనా సరే, వారి కోసం ముందు ఆ గది తెరవండి.