అనుభవం వచ్చాక వేద్దామంటే కుదరదు

"మావయ్యా, ఈ ఏడు వెయ్యమంటావా, ఆగమంటావా?" అని మా అక్క కూతురు ఇంగ్లండు నుంచి ఫోన్ చేసింది. అక్కడ లా రెండో ఏడు చదువుతోంది. లా ఫర్ముల్లో ట్రైనింగ్ కాంట్రాక్టుకి, అంటే సొలిసిటర్ (అక్కడి ఒక రకం వకీలు) కావడానికి ఫర్ములో చేసే రెండేళ్ళ శిక్షణకి, అప్లై చెయ్యాలి, కానీ చెప్పుకోడానికి అనుభవం లేదని దాని టెన్షన్. క్లాసులో కొంతమందికి అప్పుడే వెకేషన్ స్కీములు, అంటే సెలవుల్లో ఫర్ములో కూచుని కొన్నాళ్ళు పని చూడ్డం, కూడా అయిపోయాయట.

ఆగొద్దనే చెప్పాను. అక్కడి పెద్ద ఫర్ములు మనిషిని తీసుకునేది ఇవాళ్టి పనికి కాదు, దాదాపు రెండేళ్ళ తర్వాత మొదలయ్యే ట్రైనింగుకి, అందుకే లా పిల్లల్ని రెండో ఏడులోనే వెయ్యమంటాయి. ఈ ఏడు వదిలేస్తే డిగ్రీ చేతికొచ్చాక మధ్యలో ఖాళీ పడుతుంది, మన పిల్లలకైతే ఆ ఖాళీలోనే వీసా గడువు కరిగిపోతుంది. పైగా చాలా ఫర్ములు వచ్చినవి వచ్చినట్టే చూస్తూ సీట్లు నింపేస్తాయి. ఆఖరి తేదీ ఉంది కదా అని కూచుంటే అంతే.

అసలు అనుభవం లేదన్న మాటకే నాకు ఒళ్ళు మండింది. పోయిన వేసవి సెలవుల్లో బరంపురం వచ్చి నెల్లాళ్ళు నా ఆఫీసు గదిలో కూచుంది. 1936లో ఒడిశా ఏర్పడే దాకా మనం మద్రాసు రాజధానిలో ఉన్నవాళ్ళం కదా, తాతల నాటి దస్తావేజులు చాలావరకు తెలుగులోనే ఉంటాయి. మా కుర్ర ఒడియా వకీళ్ళకి అవి చదవడం రాదు. ఒక పంపకాల దావాలో అలాంటివి ఇది చదివి ఇంగ్లీషులో రాసిపెట్టింది, రెండు దస్తావేజుల్లో తూర్పు హద్దు వేరుగా ఉందని పట్టుకున్నదీ ఇదే. "అది రాశావా?" అంటే, "ఇంట్లో పని అనుభవం ఎలా అవుతుంది మావయ్యా!" అంది. పెద్ద లెటర్‌హెడ్ మీద సంతకం పడితేనే పని అనుకోవడం మనవాళ్ళకి పట్టిన జబ్బు.

నిజమే, సొలిసిటర్ కావడానికి లెక్కకొచ్చే పని వేరు. 2021లో వచ్చిన పద్ధతిలో ఎస్‌క్యూఈ అనే సొలిసిటర్ అర్హత పరీక్షలతో పాటు రెండేళ్ళ పని చూపించాలి. అయితే అది ఒక్కచోటే చెయ్యక్కర్లేదు, నాలుగు చోట్ల దాకా ఒప్పుకుంటారు. ఉచితంగా న్యాయ సలహాలిచ్చే లా క్లినిక్, వకీళ్ళకి సాయం చేసే పారాలీగల్ ఉద్యోగం కూడా లెక్కలోకి వస్తాయి, ఆ పనిని నిర్ధారించే సొలిసిటర్ ఉంటే చాలు. కాబట్టి ఈసారి రాకపోయినా దారి మూసుకుపోదు.

ఆగమని నేను చెప్పేది ఒక్క రకం వాళ్ళకే. ఫర్ము పేరు మార్చి ఒకే ఉత్తరం నలభై చోట్లకి పంపేవాళ్ళు ఏడాదేం ఖర్మ, ఎంతకాలం ఆగినా నష్టం లేదు. ఆరేడు చోట్లకి, ఒక్కోదానికి రెండు రాత్రులు కూచుని రాస్తే చాలు.

నా సంగతంటారా, "కాస్త పని నేర్చుకున్నాక కటక్ హైకోర్టుకి పోదాం" అనుకుంటూ అనుకుంటూ ఇక్కడి కోర్టు ఆవరణలోనే జుట్టు నెరిపించుకున్నాను.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది, "చెక్కుబందీని ఇంగ్లీషులో ఏమని రాస్తే వాళ్ళకి అర్థమవుతుంది?" అని. నాలుగు వైపుల హద్దులని రాయమన్నాను.